తాళాలు వినపడ్డాయి, స్వామి పేరు వినపడలేదు: ఒక భజన పాటను రెండుసార్లు మిక్స్ చేసిన కేస్ స్టడీ

పాలకొల్లులో మా ఇంటి మేడ మీద గదిలో నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. పెళ్లి పాటలు, స్కూలు పిల్లల పాటలు, చర్చి పాటలు, భజనలు, ఏది వస్తే అది చేస్తాను. ఇప్పుడు చెప్పబోయేది కిందటి ధనుర్మాసం ముందు చేసిన ఒక భజన పాట సంగతి. మొత్తం ఆరు పాటల్లో మొదటిదాని మిక్స్ (వేర్వేరు మైకుల ధ్వనుల్ని ఒక పాటగా కలపడం) పూర్తిగా తప్పింది. ఎందుకు తప్పిందో కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. తెలిశాక సరిచేయడానికి ఒక్క పూట చాలింది. మిక్సింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ప్లగిన్ల (సౌండుని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ల) పేర్ల కంటే ఆ నాలుగు రోజుల కథే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నరసాపురం వెళ్లే దారిలో ఒక ఊరి భజన సమాజం వాళ్లు వచ్చి, ధనుర్మాసం నెలంతా పొద్దున్నే రామాలయం మైకుసెట్లో వేసుకోవడానికి తమ సొంత పాటలు రికార్డు చేసిపెట్టమన్నారు. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా లౌడ్‌స్పీకర్ వేయకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి కాబట్టి వాళ్లు ఆరు దాటాకే వేస్తారు. తర్వాత యూట్యూబ్‌లో కూడా పెడతామన్నారు. పాట వినేది ముందు గుడి మైకుసెట్లో, తర్వాతే ఫోన్లలో. వాళ్లు ఇంత స్పష్టంగా చెప్పినా నేను హెడ్‌ఫోన్లలో ఎలా వినపడుతుందన్నదే చూసుకున్నాను.

రికార్డింగ్

ముందు పాడేది భజన గురువు గారు. హార్మోనియం, డోలక్, రెండు జతల కంచు తాళాలు, వంత పాడే ఆడవాళ్లు ఆరుగురు. మొదట ఒక్కొక్కరినీ స్టూడియోకి పిలిచి హెడ్‌ఫోన్లు పెట్టి విడివిడిగా పాడించి చూశాను. పది నిమిషాల్లోనే పాటలో జీవం పోయింది. భజనలో వంతవాళ్లు గురువు గారి పెదాలు చూసి అందుకుంటారు. డోలక్ వాయించే ఆయన గురువు గారి తల ఊపుని బట్టి నడక పెంచుతారు. అందుకని అందరినీ రామాలయం మండపంలోనే, రోజూ కూర్చున్నట్టే అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి కలిపి రికార్డు చేశాను. ఈ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను.

దాని ఖరీదు మాత్రం ఉంది. ఒకరి ధ్వని ఇంకొకరి మైకులో పడుతుంది. గురువు గారి నోటికి నాలుగు అంగుళాల దూరంలో ఎస్ఎం58 మైకు పెట్టాను, అయినా ఐదడుగుల దూరంలో ఉన్న తాళాలు అందులోకి బాగానే వచ్చాయి. డోలక్‌కి రెండు వైపులా చెరో మైకు, హార్మోనియంకి ఒకటి, వంతవాళ్ల ముందు రెండు కండెన్సర్ మైకులు, తాళాలకి ఒకటి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గట్టి దెబ్బ పడినా మీటరు మైనస్ 10 డిబి (డెసిబెల్) దాటకుండా గెయిన్ (మైకు సౌండు తీసుకునే మట్టం) పెట్టాను. 16 బిట్‌లో లెక్కప్రకారం ఉండే 96 డిబి పరిధి (అతి చిన్న సౌండుకీ అతి పెద్ద సౌండుకీ మధ్య తేడా) 24 బిట్‌లో 144 డిబి దాకా వెళ్తుంది కాబట్టి, మీటరు పైదాకా నింపాలన్న ఆరాటం ఇప్పుడు అక్కర్లేదు. క్లిప్ అయిన (హద్దు దాటి చిట్లిన) మాటని మాత్రం ఏ మిక్సూ వెనక్కి తేలేదు.

రోడ్డు చప్పుడు ఉండదని రాత్రి పూట పెట్టుకున్నాం. కానీ గుడి వెనక రొయ్యల చెరువులున్నాయి. రాత్రయితే ఏరియేటర్లు తిరుగుతాయి. వాటి మోటారు రొద అడుగు ధ్వని (బేస్) కాబట్టి ఫిల్టర్‌తో తీసేయొచ్చు. నీళ్లు చిమ్మే చప్పుడు మాత్రం అన్ని ధ్వనుల్లోనూ పరచుకుని ఉంటుంది, దాన్ని తీయబోతే పాట కూడా పోతుంది. దాన్ని అలాగే ఉంచాను.

మొదటి మిక్స్

ఇంటికొచ్చి మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో పాట తెరిచి, డోలక్ సోలో (ఆ ఒక్క ట్రాకే వినిపించే బటన్) నొక్కాను. ఇదే మొదటి తప్పు. డోలక్ ఒక్కటే విన్నప్పుడు అడుగు ధ్వని పల్చగా అనిపించింది. 80 హెర్ట్జ్ దగ్గర 6 డిబి పెంచాను, నిండుగా వచ్చింది. హార్మోనియం సోలో చేసి కాస్త మెరుపు కలిపాను. వంతవాళ్లని విశాలంగా వినిపించే ఒక స్టీరియో వైడెనర్ వేశాను. తాళాలు రెండు వైపులకీ పంచాను. అన్నిటి మీదా దాదాపు మూడు సెకన్ల హాల్ రివర్బ్ (పెద్ద హాల్లో వినపడే ప్రతిధ్వని లాంటిది). చివర మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీద లిమిటర్ (సౌండు హద్దు దాటకుండా ఆపేది) పెట్టి సౌండు పెంచాను. రాత్రి ఒంటిగంటకి హెడ్‌ఫోన్లలో, తర్వాత స్పీకర్లలో గట్టిగా పెట్టుకుని విన్నాను. గుడిలో కూర్చున్నట్టే ఉంది. సంతృప్తిగా పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం పెన్‌డ్రైవ్ తీసుకుని ఊరెళ్లాం. గుడి ఆంప్లిఫయర్‌కి పెట్టి మొదలెట్టాం. గాలిగోపురం మీద ఒక హారన్ స్పీకర్, వెనక వీధిలో కొబ్బరి చెట్టుకి ఇంకొకటి. పల్లవి అయ్యేసరికి గురువు గారు అరుగు మీంచి లేచి నా దగ్గరికొచ్చారు.

“బాబూ, తాళాలు వినపడుతున్నాయి గానీ స్వామి పేరు వినపడట్లేదు.”

“ఆయ్, గురువు గారూ, నాకూ అలాగే ఉంది. చూస్తానండి.”

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆయన రాసి, ఆయన పాడిన పాటలో మాట పోయింది. నేను ముందుగా కాపాడాల్సింది ఆ మాటనే కదా, అది పోయినందుకు ఆ రాత్రి చాలా బాధపడ్డాను.

నా చెవుల మీద నాకు నమ్మకం సడలింది కాబట్టి పాట తెలియని చెవి కావాలనుకున్నాను. హార్మోనియం వాయించే ఆయన మేనల్లుడు తణుకు నుంచి వచ్చి ఉన్నాడు, పదో తరగతి. వాణ్ని కాలవ గట్టు మీద కూర్చోబెట్టి, వినపడిన మాటలు కాయితం మీద రాయమన్నాను. తెలియని చోట గీత గీయమన్నాను. కాయితంలో సగానికి సగం గీతలే. ఆ గీతలు ఎక్కడ పడ్డాయో చూసేదాకా నాకు విషయం అర్థం కాలేదు. పోయినవన్నీ తాళం దెబ్బ మీద మొదలయ్యే మాటలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య పడిన మాటలు చాలావరకు సరిగ్గా రాశాడు.

మాట ఎందుకు పోయింది

తెలుగులో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. పాటలో సాగేది అచ్చే. ‘రామ’ అన్నా ‘భామ’ అన్నా సాగే ‘ఆ’ ఒక్కటే, ఏ మాటో చెప్పేది మొదట్లో క్షణంలో వచ్చి పోయే హల్లు. దాన్ని చెవి గుర్తుపట్టే వివరం చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ‘స’, ‘శ’ లాంటివి ఇంకా పైకి వెళ్తాయి. కంచు తాళాల మోత కూడా మొదలయ్యేది అక్కడే. భజనలో తాళం పడేది సరిగ్గా మాట మొదలయ్యే చోట. అంటే ప్రతి ముఖ్యమైన హల్లు మీదా ఒక కంచు దెబ్బ పడుతోంది. ఆ పైన హార్మోనియం. దాని రీడ్లు ఆగకుండా మోగుతూ 300 హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్ దాకా గొంతు ఉండే చోటంతా ఆక్రమించాయి. దానికి నేను మెరుపు కలిపింది కూడా ఆ చోటే.

ఇంకొక కారణం నా లిమిటర్‌లో దొరికింది. మీటరు చూస్తే ప్రతి డోలక్ దెబ్బకీ 5, 6 డిబి వెనక్కి లాగుతోంది. లాగేది డోలక్‌ని ఒక్కదాన్నే కాదు, మొత్తం పాటని. ఒక్క బోదెలో నీరెక్కువైందని కాలవ తలుపే దించేసినట్టు. డోలక్ దెబ్బ కూడా మాట మొదటి అక్షరం మీదే కాబట్టి గురువు గారి గొంతు సరిగ్గా అక్కడే అణిగిపోతోంది. పైగా హారన్ 300 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు. అంటే నేను పెంచిన అడుగు ధ్వని ఊళ్లో ఎవరికీ వినపడలేదు, అది గొంతుని అణచిన ఫలితం మాత్రం అందరికీ వినపడింది.

అసలు ఆ 6 డిబి ఎందుకు పెంచాల్సి వచ్చింది? దీనికి రెండు జవాబులు దొరికాయి. ఒకటి, డోలక్ మైకులు. కుడి చర్మం మీద కొడితే అది లోపలికి, అంటే తన మైకు నుంచి దూరంగా వెళ్తుంది. లోపలి గాలి తోయడంతో ఎడమ చర్మం బయటికి, తన మైకు వైపుకి వస్తుంది. రెండు మైకుల్లో తరంగాలు ఎదురెదురుగా రికార్డవుతాయి. కలిపితే అడుగు ధ్వని ఒకదాన్నొకటి తినేస్తుంది. ఎడమ మైకు ట్రాక్ మీద పొలారిటీ తిప్పే (తరంగాన్ని తలకిందులు చేసే) బటన్ ఒక్కటి నొక్కగానే డోలక్ దానంతటదే నిండుగా వచ్చింది. ఈక్యూ (ఎంచుకున్న ధ్వనుల్ని పెంచి తగ్గించే సాధనం) అవసరమే లేదు. రెండు తలల వాయిద్యం ఏది రికార్డు చేసినా ముందు చూడాల్సిన పని ఇది. నాకు తెలిసి కూడా హడావుడిలో వదిలేశాను.

రెండోది నా గది. వెడల్పు పది అడుగులు, ఎత్తు కూడా పది అడుగులు. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి పది అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర నిలిచిన తరంగం ఏర్పడుతుంది. గోడల దగ్గర అది గట్టిగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతుంది. నా కుర్చీ గది నట్టనడుమ, చెవులు నేలకీ కప్పుకీ కూడా మధ్యకి దగ్గర్లో ఉన్నాయి. లేని లోటు విని, లేని లోటు పూడ్చాను. కొబ్బరి పీచు మా వైపు చవక కాబట్టి దాంతో చేసిన మందపాటి పలకలు గోడలకి పెట్టుకున్నాను. మధ్య ధ్వనులకీ పై ధ్వనులకీ అవి చక్కగా పనిచేస్తాయి. 56 హెర్ట్జ్ తరంగం పొడవు ఇరవై అడుగులు, దాన్ని నాలుగు అంగుళాల పీచు ఆపలేదు. కుర్చీని ముందుకీ పక్కకీ జరిపి, తెలిసిన పాటలు వేసుకుని, అడుగు ధ్వని సమంగా వినపడే చోటు వెతుక్కున్నాను. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం పెద్దది.

గట్టిగా పెట్టుకుని వినడం కూడా నన్ను మోసం చేసింది. సౌండు తగ్గే కొద్దీ చెవికి అడుగు ధ్వనులు, బాగా పై ధ్వనులు ముందుగా తగ్గుతాయని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. గట్టిగా వింటే ఏ మిక్సయినా నిండుగానే ఉంటుంది. ఇప్పుడు పక్కన మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత సౌండులోనే ఎక్కువసేపు పనిచేస్తున్నాను.

వంత సంగతి వేరు. హారన్ మోనో, అంటే రెండు వైపుల ధ్వనీ కలిసి ఒకటిగానే వస్తుంది. నేను వేసిన వైడెనర్ ఒకే ధ్వనిని పది మిల్లీసెకన్లు ఆలస్యం చేసి రెండో వైపుకి పంపుతుంది. హెడ్‌ఫోన్లలో ఆరుగురు ఇరవై మందిలా వినపడతారు. రెండు వైపులూ కలిసి మోనో అయితే పది మిల్లీసెకన్ల ఆలస్యానికి 50, 150, 250, 350 హెర్ట్జ్ ఇలా ప్రతి వందకీ ఒకచోట ధ్వని రద్దయిపోతుంది. దువ్వెన పళ్ల మధ్య సందుల్లా. వంత నూతిలోంచి వస్తున్నట్టు వినపడిందంటే అందుకే.

రెండో మిక్స్

ఫేడర్లన్నీ (ఒక్కో ట్రాక్ సౌండు మీటలు) కిందికి దించాను. ప్లగిన్లన్నీ తీసేశాను. మాస్టర్‌ని మోనో చేసి ఒక్క చిన్న స్పీకర్లో వినడం మొదలెట్టాను. ముందు గురువు గారి గొంతు. మాట పూర్తిగా తెలిసేలా పెట్టి, ఆ ఫేడర్ మళ్లీ ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. తర్వాత డోలక్, తర్వాత వంత, తర్వాత హార్మోనియం, ఆఖర్న తాళాలు. ఒక్కొక్కటీ మాటకి అడ్డురావడం మొదలెట్టిన చోట ఆపి, అక్కణ్నుంచి కాస్త వెనక్కి. ఈక్యూ లేదు, కంప్రెసర్ లేదు. అరగంటలో పాట ముప్పాతిక వంతు నిలబడింది. తాళాల ఫేడర్ మొదటి మిక్స్ కంటే 7 డిబి కింద ఆగింది. అయినా తాళం లేదని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే మిగతా అన్ని మైకుల్లోనూ అది ఉంది.

తర్వాతే ఫిల్టర్లు. గురువు గారు ఒకటిన్నర శృతి. ఆయన షడ్జమం సుమారు 139 హెర్ట్జ్, మంద్ర పంచమం 104. అంతకంటే కిందికి ఈ పాటలో వెళ్లరు. కాబట్టి 80 హెర్ట్జ్ కింద ఉన్నది గొంతు కాదు, ఏరియేటర్ మోటారూ నేల అదురూ. అక్కడ కోశాను. శృతి తెలిస్తే ఫిల్టర్ ఎక్కడ పెట్టాలో ఊహించక్కర్లేదు. తాళాల ట్రాక్‌లో 500 హెర్ట్జ్ కింద అంతా తీసేశాను. మండపం గదగద 300 హెర్ట్జ్ చుట్టూ ఉంది, గొంతులో అక్కడ 3 డిబి తగ్గించాను. హార్మోనియంలో 2.5 కిలోహెర్ట్జ్ చుట్టూ వెడల్పుగా 4 డిబి తగ్గించాను. ఇలా చోటు చేశాక గొంతుకి పెంచాల్సింది 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డిబి మాత్రమే మిగిలింది. సోలోలో వింటే ఇప్పుడు హార్మోనియం కొంచెం డొల్లగా ఉంటుంది. పాటలో అలా ఉండదు. సోలోలో అందంగా ఉండాల్సిన అవసరం ఏ వాయిద్యానికీ లేదు, ఎందుకంటే వినేవాళ్ల దగ్గర సోలో బటన్ ఉండదు.

కంప్రెసర్ అంటే భయపడేవాళ్లకి నేను కాలవ మీద లస్కర్‌ని చూపిస్తాను. నీరు గుర్తు దాటితే షట్టర్ కొంత దించుతాడు, తగ్గితే ఎత్తుతాడు. ఆ గుర్తు థ్రెషోల్డ్. ఎంత దించుతాడన్నది రేషియో. గుర్తు దాటాక దించడానికి ఎంత టైము తీసుకుంటాడన్నది అటాక్, మళ్లీ ఎత్తడానికి పట్టే టైము రిలీజ్. గురువు గారి గొంతుకి రేషియో 3, అటాక్ 15 మిల్లీసెకన్లు, రిలీజ్ 100 పెట్టాను. అటాక్ మరీ త్వరగా పెడితే మనం కాపాడాలనుకుంటున్న హల్లునే అది నొక్కేస్తుంది. 15 మిల్లీసెకన్లు వదిలితే హల్లు దూసుకొచ్చాక, సాగే అచ్చు మీద షట్టర్ పడుతుంది. అయితే కంప్రెసర్ కంటే ముందు రెండు గంటలు కూర్చుని మాట మాటకీ వాల్యూమ్ చేత్తో సరిచేశాను. ఊపిరి అయిపోతున్న చోట మాట చివర పెంచడం, ఎత్తుకున్న చోట తగ్గించడం. ఆ పని ముందు అయిపోతే కంప్రెసర్ 3 డిబి లాగితే చాలు.

తాళాలకీ హల్లుకీ జరిగే పోటీని డైనమిక్ ఈక్యూతో సర్దాను. గురువు గారి గొంతు వచ్చినప్పుడు మాత్రమే తాళాల ట్రాక్‌లో 3 కిలోహెర్ట్జ్ చుట్టూ 4 డిబి తగ్గుతుంది, గొంతు ఆగగానే తిరిగి వస్తుంది. ఇంకా, ఆయన పాడుతున్నంతసేపూ వంత మైకులు 5 డిబి దించాను. ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న ఆ మైకుల్లోకి ఆయన గొంతు ఏడు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతోంది, దాంతో కలిస్తే మళ్లీ అదే దువ్వెన కథ. వంతకి వైడెనర్ తీసేసి, రెండు మైకుల్నీ కొద్దిగా ఎడమకీ కుడికీ జరిపి వదిలేశాను. ఆరుగురు ఆరుగురిలాగే ఉన్నారు, అదే బాగుంది.

రివర్బ్ విషయంలో ఊరే నాకు నేర్పింది. రెండు హారన్ల మధ్య దూరం దాదాపు వంద మీటర్లు. గోపురం దగ్గర నిలబడినవాళ్లకి వెనక వీధి హారన్ ధ్వని సెకనులో మూడో వంతు కంటే కాస్త ముందుగా, అంటే 0.29 సెకన్ల తర్వాత చేరుతుంది. గోడలు, చెరువు నీళ్లు ఇంకొంత తిప్పికొడతాయి. చలికాలం పొద్దున్న నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటే ధ్వని కిందికే వంగి పొలాల మీదుగా చాలా దూరం పోతుంది. ఊరు ఇంత ప్రతిధ్వని కలుపుతుంటే నా మూడు సెకన్ల హాల్ దేనికి? తీసేశాను. ఒక సెకను ప్లేట్ రివర్బ్, గొంతుకి 40 మిల్లీసెకన్ల ప్రీడిలే (మాటకీ రివర్బ్ మొదలవడానికీ మధ్య విరామం), రివర్బ్‌లో అడుగు ధ్వని కోసేసి, బాగా సన్నగా.

చివరికి ఫైళ్లు రెండు చేశాను. గుడికి మోనో, 200 హెర్ట్జ్ కింద కోసినది. యూట్యూబ్‌కి స్టీరియో, సగటు సౌండు మైనస్ 14 ఎల్‌యుఎఫ్ఎస్ దగ్గర, ట్రూ పీక్ (అసలు గరిష్ఠ మట్టం) మైనస్ 1 డిబి దాటకుండా. ఎలాగూ ఆ మట్టం దాటిన సౌండుని యూట్యూబ్ తనే తగ్గిస్తుంది, దానికోసం పాటని నలపడం అనవసరం.

మళ్లీ గట్టు మీదికి

రెండోసారి పదో తరగతి అబ్బాయి పనికిరాడు, పాట వాడికి వచ్చేసింది. వంత పాడే ఒకావిడ తమ్ముడు భీమవరం నుంచి వచ్చి ఉంటే ఆయన్ని కూర్చోబెట్టాం. అదే గట్టు, అదే వాల్యూమ్. కాయితంలో మూడే గీతలు. రెండిటికి ఫేడర్ చాలింది, డోలక్ తీర్మానం (ముగింపు దరువు) కింద పడిన మాటలవి.

మూడోది రెండో చరణం ఆఖరి లైనులో స్వామి పేరే. అక్కడ గురువు గారికి ఊపిరి అందక మాటని మింగేశారు. ట్రాక్‌లో లేని హల్లుని పెంచడానికి ఏ ప్లగినూ లేదు. ఆ సంగతి ఆయనకి చెప్పాను.

“అయితే మళ్లీ పాడతాను బాబూ, దానికేముంది,” అన్నారు.

ఆదివారం అందరం మండపంలో కూర్చున్నాం. ఆయన ఒక్కరే పాడితే మిగతా పాటతో అతకదు, ఎందుకంటే ఆ మైకులో తాళాలూ డోలకూ కూడా ఉండాలి. అందుకని అందరూ అవే స్థానాల్లో, మైకు అదే నాలుగు అంగుళాల దూరంలో. డోలక్ శృతి పాత రికార్డింగ్‌తో సరిచూసుకున్నాం. ఏడు గంటలకే అంతా సిద్ధమయ్యారు గానీ నేను ఆగమన్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి వెనక చెరువుల మీద ఏరియేటర్లు తిరగడం మొదలయ్యాక రికార్డు నొక్కాను.